పొట్లం కాగితాల చదువు

మా వీధి చివరి బడికి కొత్తగా వచ్చిన టీచరమ్మ మొన్న మా ఇంటికి వచ్చింది. చిన్నపిల్ల. మొహం వాడిపోయి ఉంది. "అమ్మమ్మగారూ, మీరు చానా ఏళ్లు పిల్లలకి చదువు చెప్పారంట గదా. మా పిల్లలు పుస్తకం ముట్టుకోవటం లేదండీ. రంగు కార్డులు వచ్చినయి, చార్టులు వచ్చినయి, పెట్టెడు కథల పుస్తకాలు వచ్చినయి. చదవమంటే గోడకేసి చూస్తారు. ఏం చెయ్యమంటారు?" అంది.

"ఆ కథల పుస్తకాలు ఎక్కడున్నాయే?" అన్నాను.

"బీరువాలో పెట్టి తాళం వేశానండీ. చిరిగితే నేను జవాబు చెప్పుకోవాలి గదా."

నాకు ఒళ్లు మండింది. కానీ ఇంటికొచ్చిన పిల్లను ఏం తిడతాం? కాఫీ ఇచ్చి, "నేను చదువు నేర్చుకున్నది ఇంగువ వాసన కొట్టే కాగితాల మీదమ్మా" అన్నాను. హాస్యమాడుతున్నాననుకుని నవ్వింది. సగం చెప్పేసరికి బస్సు వేళైందని లేచింది. మిగిలిన సగం నా గొంతులో ఉండిపోయి రెండు రోజులుగా సతాయిస్తోంది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

మాది గురజాల పక్కన ఒక పల్లె. ఊరికి కాస్త ఎడంగా మా పేట. గోడలు నాపరాళ్లు, కప్పు నాపరాళ్లు, అరుగు నాపరాళ్లు. ఎండాకాలం ఇంట్లో కూర్చుంటే పెనం మీద రొట్టెకీ మాకూ తేడా ఉండేది కాదు. పేట మధ్యలో తడికల ప్రార్థన పాక. ఆదివారం అందులో ప్రార్థన, మిగిలిన రోజులు అదే మా బడి. పంతులుగారు కూడా రెంటికీ ఒక్కరే. సన్నగా పొడుగ్గా ఉండేవారు. మోచేతుల దగ్గర చిరిగిన కోటు ఒకటి ఎండలోనూ వదిలేవారు కాదు, లోపల చొక్కా ఇంకా చిరిగి ఉండేదని పెద్దయ్యాక తెలిసింది.

ఆయన దగ్గరున్నదల్లా అట్ట ఊడిన ఒక్క వాచకం. అందులో ఓడలు, సముద్రాలు, కొబ్బరితోటలు. మా కంటికి జొన్నచేలు, పత్తిచేలు, రాళ్లగుట్టలు తప్ప ఇంకేమీ ఆనలేదు. అయినా ఆ పుస్తకం మొదటి నుంచి చివరి దాకా గడగడ అప్పజెప్పేవాళ్లం. ఒకరోజు ఆయనకేం అనుమానం వచ్చిందో, పుస్తకం తలకిందులు చేసి నా చేతికిచ్చారు. నేను తడుముకోకుండా చదివేశాను. నా పక్కవాడూ చదివేశాడు. వాడి పక్కదీ చదివేసింది. పంతులుగారు గుమ్మంలో కూలబడి, "అయ్యో ప్రభువా, ఇన్నాళ్లూ నేను చిలకలకి పాఠం చెపుతున్నానా!" అన్నారు. ఆ రోజు మాకు తొందరగా బడి వదిలేశారు, మేం పండగ చేసుకున్నాం.

అవి యుద్ధం రోజులు. కిరసనాయిలు దొరకదు, గుడ్డ దొరకదు, కాగితం అసలే దొరకదు. బజార్లో శెట్టిగారు ఉప్పూ పప్పూ మోదుగాకుల్లో కట్టిచ్చేవారు. అలాంటిది ఉన్నట్టుండి ఒకనాడు అచ్చు కాగితాల్లో పొట్లాలు కట్టడం మొదలుపెట్టారు. నరసరావుపేటలో ఎవరో ప్లీడరు పోతే ఆయన పాత పుస్తకాలు తూకానికి అమ్మేశారట, ఈయన బస్తా కట్టించుకొచ్చాడట. ఇంగువకొక కాగితం, పసుపుకొక కాగితం చింపి పొట్లం చుట్టేవాడు.

పంతులుగారి ఇంటికీ అలాంటి పొట్లమే వచ్చి ఉండాలి. మర్నాడు బడికి రాగానే, "మీ ఇళ్లకొచ్చే పొట్లం కాగితాలు పారెయ్యకుండా తీసుకురండర్రా. చింపినవాళ్లకి తొడపాశం" అన్నారు. మేం ఇల్లిల్లూ గాలించాం. బెల్లం అంటుకుని చీమలు పట్టినవి, చింతపండు మరకలవి, పొగాకు ఘాటుకు తుమ్మించేవి, అన్నీ తెచ్చి పోశాం. ఆయన వాటి ముడతలు అరచేత్తో సాపు చేసి, తుమ్మముళ్లతో తడికకు గుచ్చారు. మా బడి గోడ శెట్టిగారి కొట్టు వాసన కొట్టేది.

ఆయన పెట్టిన షరతు మాత్రం విచిత్రమైనది. ఏ కాగితమైనా ఇంటికి తీసుకుపోవచ్చు. కానీ ఇంట్లో చదువురాని వాళ్లకెవరికైనా చదివి వినిపించాలి. విన్నవాళ్లు ఏమడిగారో మర్నాడొచ్చి చెప్పాలి. నువ్వేం చదివావని మమ్మల్ని అడిగేవారు కాదు. "వాళ్లేం అడిగారు?" అదే ఆయన పాఠం. ఏమీ అడగలేదంటే, "అయితే నువ్వు సరిగా చదవలేదు. మళ్లీ పట్టుకుపో" అని అదే కాగితం చేతిలో పెట్టేవారు.

మా ఇంట్లో వినేవాళ్లకు కొదవలేదు. నాయన, నాయనమ్మ, అక్క. ముగ్గురికీ అక్షరం ముక్క రాదు. అమ్మ నన్ను కని పోయింది. నన్ను చంకనేసుకు తిరగాల్సి రావడంతో అక్క బడి గుమ్మం తొక్కలేదు. దాని చదువు నేను తిన్నాను. ఆ సంగతి అది ఒక్కసారి కూడా నన్ను అనలేదు, అందుకే నాకు అదంటే ప్రాణం. అప్పటికి దానికి పెళ్లయి కొన్ని నెలలైంది. మిరపకోతలు అయ్యాక అత్తవారింటికి పంపాలని మాట.

నేను మొదట ఇంటికి తెచ్చిన కాగితం పసుపు పొట్లానిది. అందులో ఒకమ్మాయి నడుముకు తాడు కట్టుకుని ఏట్లోకి దిగింది, తాడు కొస ఒడ్డున తండ్రి చేతిలో ఉంది, ఉన్నట్టుండి తాడు వదులైపోయింది. అంతే, కాగితం అయిపోయింది.

అక్క తిరగలి తిప్పడం ఆపేసింది. "వదులైపోతే? తరవాత?"

"తరవాత లేదు."

"ఏంది లేదు? ఎందుకు దిగిందంట అసలు?"

ఎందుకు దిగిందో తెలియడానికి ముందరి కాగితం కావాలి. అది వడ్రంగి వాళ్లింట్లో దొరికింది, కిరసనాయిలు సీసాకి మూతగా. ఆ ముందరిది శెట్టిగారి అమ్మాయి దగ్గర దొరికింది. అలా వెనక నుంచి ముందుకు కథ పోగుచేశాం. ఏటి అడుగున ఎక్కడో గంట మోగుతుంటుంది. కొట్టేదెవరో తెలియదు. జనం భయపడి ఆ రేవు మానేశారు. పడవెక్కేవాళ్లు లేక పడవవాడింట్లో పొయ్యి వెలగడం లేదు. అందుకని ఆ మోగేదేమిటో చూసొస్తానని కూతురు దిగింది.

ఇక మా పేటలో రగడ మొదలైంది. నాయనమ్మ, "ఆ పిల్లకి తల్లి లేదా? ఉంటే దిగనిచ్చుద్దా?" అని పడవవాణ్ణి తిట్టిపోసింది. నాయన సంగతి వేరు. "నార తాడా, కొబ్బరి తాడా? నారదైతే నీళ్లలో బిగుసుద్దే గానీ వదులు కాదు" అన్నాడు. అక్క మాత్రం చాలాసేపు ఆలోచించి, "అసలు నీళ్లలో గంట మోగిద్దా?" అంది.

మర్నాడు ఆ ప్రశ్న చెప్పగానే పంతులుగారి మొహం వెలిగిపోయింది. సున్నంతో బయటి నాపరాయి మీద పెద్ద అక్షరాలతో రాయించారు: 'నీళ్లలో గంట మోగుతుందా?' ఆదివారం ప్రార్థన అవగానే పేటంతా మా బావి చుట్టూ చేరింది. నాయన ఎద్దు మెడలో గంట విప్పి తెచ్చి చేదతాడుకు కట్టి దించాడు. నాయనమ్మ బావి రాతికి చెవి ఆనించి బోర్లా పడుకుంది. పిల్లలం ఊపిరి బిగబట్టాం. నాయన తాడు ఊపాడు.

"మోగతంది!" అని అరిచింది నాయనమ్మ. "కాపోతే, జలుబు చేసినోడు మాట్టాడినట్టు మోగతంది!"

ఆ తర్వాత ఒక్కొక్కరూ చెవి ఆనించి చూసి రావడానికి సగం పూట పట్టింది. అక్క అందరికన్నా ఆఖరున చూసింది. లేచి, చెవికంటిన తడి తుడుచుకుంటూ, "మోగిద్ది నిజమే గానీ, అంత దూరం ఎట్టా ఇనపడిందంటా?" అంది. చూశారా, ఒక ప్రశ్న తీరితే దానికి తృప్తి లేదు, దాని పిల్ల ప్రశ్న ఇంకొకటి రెడీ.

సాయంత్రాలు పొయ్యి ముందు అది జొన్నసంగటి కెలుకుతుంటే నేను మంట వెలుగులో చదివేదాన్ని. గోంగూర ఉడుకుతున్న వాసన, కాగితంలోంచి ఇంగువ వాసన, రెండూ కలిసి నాకు ఆకలి దంచేసేది. అక్క వంగి, "ఇందాక 'తాడు' అన్నావే, అది ఏదీ?" అని వేలు పెట్టి చూసేది. తర్వాత 'తా' అన్న అక్షరం ఇంకెక్కడుందో కాగితమంతా వెతుక్కునేది. 'గంట' దొరికితే 'గ' దొరికినట్టే. అలా అ, ఆలు తెలియకుండానే, కథలో ఏది ముందొస్తే అది నేర్చుకుంది.

నాయనమ్మ ఎగతాళి చేసేది. "ఓనమాలు రావు గానీ కథలు చదివిద్దంట! ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం!"

అక్క నవ్వి ఊరుకునేది. వేలు మాత్రం కాగితం మీంచి తీసేది కాదు.

తాడు వదులయ్యాక ఏమైందో చెప్పే కాగితం ఎంత వెతికినా దొరకలేదు. శెట్టిగారిని అడిగితే, ఆ పుస్తకంలో చివరి కట్ట ఒకటి బస్తా అడుగున ఉండాలి, చూస్తానన్నాడు. రోజూ బడికి పోతూ అడగడం, ఆయన విసుక్కోవడం.

ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి ఇల్లంతా నానిన మెంతుల వాసన. మిరపకోతలు వస్తున్నాయంటే మా ఇళ్లలో గంపలకూ చాటలకూ గుజ్జు పూస్తారు. మెంతులు వేసి రుబ్బిన గుజ్జు పూస్తే చిల్లులు మూసుకుపోయి మరో రెండేళ్లు వస్తాయి. ఆ గుజ్జు దేంతో చేస్తారో మీకు తెలుసా? కాగితాలతో. నీళ్లలో నానేసిన కాగితాలతో.

నాయనమ్మ రోలు ముందు కూర్చుని పొత్రం తిప్పుతోంది. "ఏందది నాయనమ్మా?"

"కాయితం. శెట్టిగారి పెరట్లో చింతపండు ఒలిచి వస్తా అడిగితే ఇచ్చాడు. బస్తా అడుగుదంట, ఎలకలు కొట్టింది."

నేను పెట్టిన కేకకు పేటంతా పరిగెత్తుకొచ్చింది. నాయనమ్మ గుజ్జు చేతులతో లేచి, "ఎవురు చచ్చారే? ఆ ఏడుపేంది?" అంది.

"కథ చచ్చింది! ఆ పిల్ల కథ! నువ్వే రుబ్బేశావు!"

కథలన్నీ కంచికి పోతాయంటారు. మా కథ రోట్లోకి పోయింది. నాయనమ్మ ఒక్క క్షణం అర్థంకాక చూసింది. అర్థమయ్యాక తల బాదుకుంది. "ముందే చెప్పి చావొచ్చు గదే! నాక్కూడా ఇనాలనుండె!"

అక్క ఏడవలేదు, అరవలేదు. రోలు పక్కన కూర్చుని గుజ్జులో చెయ్యి పెట్టి దేవింది. అంతా పిండైపోయింది. చివరికి రోలు అంచుకు అంటుకున్న రెండు వేళ్లంత ముక్క ఒకటి కనిపించింది. గోటితో మెల్లిగా ఊడదీసి వెలుతురుకు పట్టింది. పెదవులు కదులుతున్నాయి.

"అ... ని... అని... నవ్... నవ్వింది."

లాక్కుని చూశాను. 'అని నవ్వింది.' అంతే ఉంది. నేను వేలు పెట్టలేదు, అందించలేదు. అది తనంతట తానే చదివింది. నాకు కథ సంగతి మర్చిపోయి కళ్లనీళ్లు వచ్చాయి. నాయనమ్మకు మాత్రం ఇవేమీ పట్టలేదు. "నవ్వింది ఎవురే? ఆ పిల్లేనా? అయితే బతికినట్టేనా?" అని మా ఇద్దరినీ గుజ్జు చేతులతో కుదిపేస్తోంది.

సాయంత్రం పంతులుగారు మా ఇంటికే వచ్చారు. జేబులోంచి పొగాకు కాగితం ఒకటి తీసి అక్కకిచ్చారు. ఎవరూ చదివి వినిపించనిది. అక్క చెమటలు కక్కుతూ, కొన్ని అక్షరాలు దాటేస్తూ, సగం దాకా చదివింది. ఆయన మెచ్చుకోలేదు. నాయన వైపు తిరిగి, "ఈ పిల్లని సాయంత్రాలు నా దగ్గరకి పంపించయ్యా. పుస్తకమంతా చదివిద్ది" అన్నారు.

నాయన తల గోక్కున్నాడు. "పంపటానికి ఇంక నా పిల్లేనా అయ్యగారూ? కోతలు కాంగానే పెదకూరపాడు పంపాలి. ఆళ్ల మావ మొండోడు. చదువుకున్న కోడలు మాట ఇనదని, పెద్దకొడుక్కి కుదిరిన సంబంధం కూడా కాదన్నాడంట."

పంతులుగారు వెళ్లాక నాయనమ్మ అక్కను పక్కన కూర్చోబెట్టుకుంది. అప్పుడు దాని గొంతులో ఎగతాళి లేదు. "నాయమ్మ గదూ. అచ్చరం వచ్చని ఆ ఇంట్లో అనబాక. ఏలుకోకుండా పంపిచ్చారనుకో, నాలుగు నోళ్లు నాలుగు రకాలు. నోరు మూసుకో. నీకేం రానట్టే ఉండు."

అక్క సరేనంది. ఆ రాత్రి నా పక్కన పడుకుని, "చదవకుండా ఉంటే మర్చిపోతామంటావా?" అని అడిగింది. మర్చిపోమన్నాను. నాకేం తెలుసు? అది నమ్మలేదు. ఆ మర్నాటి నుంచి దానికి దిగులు పట్టుకుంది. మిరపకాయలు కోస్తూ కోస్తూ ఆగి నేల మీద పుల్లతో ఏదో రాసి, కాలితో చెరిపేసేది. అక్కడికి పోయాక ఆ పుల్ల కూడా ఉండదని దానికి తెలుసు.

కోతలయ్యాయి. తీసుకుపోవడానికి బావా, మామగారూ వచ్చారు. కొత్తకోడలికి తోడుగా ఎవరో ఒకరు వెళ్లి నాలుగు రోజులు ఉండి రావాలి గదా, నేను బయలుదేరాను. రైలెక్కడం నాకదే మొదటిసారి. బొగ్గు వాసన, కళ్లలో నలుసులు, వేరుశెనక్కాయల పొట్టు. నాకు ఒళ్లు తెలియని సంబరం. అక్క తల వంచుకుని, కొంగు నిండుగా కప్పుకుని, పెట్టె పక్కన పెట్టెలా కూర్చుంది.

మామగారు పెద్ద మీసాలాయన. రైలు ఆగినప్పుడల్లా ఎవరినీ మాట్లాడనిచ్చేవాడు కాదు. బొటనవేలు ఒక్కో కణుపు మీదికి జరుపుతూ, పెదాల్లో ఏదో గొణుక్కునేవాడు. ప్రార్థనేమో అనుకున్నాను. మధ్యలో ఒకచోట ఊరూ పేరూ లేని చేలల్లో, ఎదురు బండి కోసం రైలు ఆగింది. అక్కడా బొటనవేలు జరిగింది.

పొద్దుగూకుతుండగా రైలు ఇంకోచోట ఆగింది. "దిగండి, దిగండి! మనదే!" అని ఆయన ముందు దూకాడు. బావ పెట్టె నెత్తిన పెట్టుకుని దిగాడు. అక్క దిగింది. నేనింకా రైలు పెట్టెలోనే ఉన్నాను, మిరపకాయల మూట ఈడవలేక ఈడుస్తూ. తల ఎత్తి చూసేసరికి అక్క కంకరలో నిలబడిపోయి ఎటో చూస్తోంది. పెదవులు కదులుతున్నాయి. అలా కదిలితే అది ఏం చేస్తున్నట్టో నాకు తెలుసు.

ఇంజను కూత వేసింది.

"మావయ్యా!" అంది అక్క. ఆ ఇంటి మనుషుల ముందు అది నోరు తెరవడం అదే మొదలు. "మావయ్యా, ఇది మనూరు కాదు. బోర్డు మీద వేరే ఊరి పేరుంది."

మామగారు ఉలిక్కిపడి దాన్ని చూశాడు. బోర్డును చూశాడు. గోడను చూసినట్టు చూశాడు. కిటికీలోని ఒకాయన్ను, "ఏ ఊరయ్యా ఇది?" అని అరిచి అడిగాడు. ఆయన వేరే ఊరే చెప్పాడు. ఇంకేముంది, పెట్టె, మూట, మనుషులు ఒకరి మీద ఒకరు పడుతూ లేస్తూ ఎక్కాం. రైలు కదిలింది.

అయిపోయింది, రేపే మమ్మల్నిద్దర్నీ తిరుగు రైలెక్కిస్తారు అనుకున్నాను. మామగారు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు.

"అమ్మాయీ, నీకు చదువొచ్చా?"

అక్క తల ఇంకా కిందికి వంచింది. అబద్ధమాడుతుందేమో అనుకున్నాను. ఆడలేదు. "కొంచెం వచ్చు మావయ్యా. ఓనమాలు రావు."

"ఓనమాలు రాకుండా చదువెట్టా వచ్చిద్ది?"

"కథలోంచి వచ్చింది."

"ఏం కథ?"

చెప్పక తప్పలేదు. ముందు గొణిగింది, తర్వాత గొంతు కాస్త పైకొచ్చింది. గంట, పడవవాడు, తాడు, మా రోలు దాకా చెప్పింది. పక్క బల్లల వాళ్లు కూడా దగ్గరికి జరిగారు. 'అని నవ్వింది' దగ్గర ఆగిపోయింది. మామగారు బావకు కూడా సరిగా వినపడనంత మెల్లిగా అన్నాడు. "నేను గుంటూరు పోయొచ్చేటప్పుడల్లా ఏళ్ల మీద లెక్కబెట్టుకుంటా కూసుంటా. ఎవుణ్ణన్నా అడగాలంటే సిగ్గు. ఎన్నిసార్లు తప్పు దిగి, పట్టాలెంబడి చీకట్లో నడిచొచ్చానో మీ అత్తక్కూడా తెలవదు. ఇయ్యాల్టి నించి నేను లెక్కబెట్టను. మనూరొచ్చినప్పుడు నువ్వు చూసి చెప్పు."

పంతులుగారు యుద్ధం అయిపోయాక ఇంకో ఊరికి మారిపోయారు. నేను టీచరునయ్యాక ఎక్కడ పాత పుస్తకాల గుట్ట కనిపించినా ఆ ఏటి అడుగు గంట కథ కోసం వెతికాను. దొరకలేదు. ఆ పుస్తకం పేరే తెలియనప్పుడు ఏమని వెతుకుతాను! ఆ మొండి మామగారు బతికున్నన్నాళ్లూ కోర్టుకైనా, ఆసుపత్రికైనా కోడలు లేకుండా కదలలేదు. అక్క కూడా పోయింది. దాన్ని తలుచుకుంటే నాకు ముసలి మొహం గుర్తురాదు, ఆ సాయంత్రమే గుర్తొస్తుంది.

రైలు మళ్లీ నెమ్మదించింది. బావ పెట్టె మీద చెయ్యి వేశాడు. మామగారు, "ఆగరా, అమ్మాయిని చూడనియ్" అని వాణ్ణి గసిరి, కిటికీ దగ్గర్నుంచి తను పక్కకు జరిగాడు. అక్క లేచింది. కొంగు తల మీంచి జారిపోయినా సర్దుకోలేదు. తల బయటపెట్టి, మసక వెలుతుర్లో దగ్గరికొస్తున్న బోర్డు మీద ఒక్కో అక్షరం పట్టుకుంటూ, రైలు పెట్టెంతా వినపడేలా చదివింది. "పె... ద... కూ... ర... పాడు. పెదకూరపాడు!"

మామగారు లేచి మూట భుజానికెత్తుకున్నాడు. "దిగండి. అమ్మాయి చదివింది" అన్నాడు.